క్రో వాళ్లు సంతోషం అంకుల్‌కి చేసిన సన్మానం

ఆ ఆదివారం మేం సంతోషం అంకుల్ ఇంటికి వెళ్లింది కథ వినడానికి కాదు, గది అడగడానికి.

కాలేజీల్లో సెప్టెంబర్ ఇంటేక్ మొదలైన రోజులు. కెనడాలో మేముండే ఈ ఎటోబికోలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా లోపల మన పిల్లలే, పరుపు పక్కన పరుపు. ఇషిత వరంగల్ నుంచి వచ్చి వారం కాలేదు. ఫోటోలు పంపించి గది రెడీగా ఉందన్న మనిషి, ఈ పిల్ల ఎయిర్‌పోర్టులో దిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. మా క్లాస్‌మేట్ నిఖిల జాలిపడి తను ఉంటున్న ఇంటి హాల్లో, సోఫాకీ గోడకీ మధ్య చోటిచ్చింది. ఆ ఇంటి ఓనరు చూశాడు. ఈ సాయంత్రం ఆరింటికల్లా ఆ సూట్‌కేసులు కనబడకూడదన్నాడు. అందుకని అవి ఇప్పుడు మాతోనే చదివే గోపీకృష్ణ కారు డిక్కీలో ఉన్నాయి, ఇషిత మాతో ఉంది, ఆరు తర్వాత ఎక్కడుండాలో ఎవరికీ తెలీదు.

సంతోషం అంకుల్‌ది తణుకు దగ్గర ఊరు. ఇక్కడ రోజుల తరబడి దూరాలు పోయే లాంగ్ హాల్ ట్రక్కు నడుపుతారు. బండి మీద లేని ఆదివారాల్లో చర్చి నుంచి రాగానే గ్యారేజీ తలుపు ఎత్తి, మడత కుర్చీలు వేసి, మాలాంటి స్టూడెంట్లందరికీ టీ ఇస్తారు. ఇచ్చేది ఆయన, పెట్టేది రూపవతి ఆంటీ. వాళ్ల బేస్‌మెంట్‌లో ఒక గది ఖాళీగా ఉంది. అందులో మనుషులుండరు గానీ వింటర్ టైర్లు, టార్పాలిన్లు, తాళ్లు ఉంటాయి. అంకుల్ దాన్ని ఆఫీసు అంటారు. ఇంతకుముందు ఎంతమంది అడిగారో, ఎవరికీ ఇవ్వలేదు. లేదని మొహం మీద చెప్పడం కూడా ఆయనకి చేతకాదు. గది మాట ఎత్తగానే ఏదో ఒక కథ ఎత్తుకుంటారు, అది ముగిసేసరికి మా పార్ట్‌టైం షిఫ్టులకి టైమైపోతుంది.

నిఖిల ఆ సంగతి తెలిసే, టీ రాకముందే అడిగేసింది.

“గదికేముందమ్మా, మాట్లాడుకుందాం,” అన్నారు అంకుల్, కుర్చీలో వెనక్కి వాలి. “గదంటే గుర్తొచ్చింది. గోడల్లేకుండా, నాలుగు గెడలూ ఒక గుడ్డా వేసుకుని రాజాల్లా ఉన్నోళ్లని చూశాను నేను మొన్న ఆగస్టులో. క్రో వాళ్ల గురించి విన్నారా?”

“కాకులా అంకుల్?” అన్నాడు గోపీకృష్ణ. వాడికి కథలంటే ఎంత ఇష్టమో, నిఖిల కళ్లు ఉరిమి చూసినా ఆగలేదు.

“కాకులు కాదురా, మనుషులు. అమెరికాలో మోంటానా ఉంది చూడు, అక్కడ అనాది నుంచీ ఉన్న జాతి. క్రో అని బయటివాళ్లు పిలిచారు. వాళ్ల పేరు వాళ్లకుంది, అప్సాలొకే అని. పెద్ద ముక్కు పక్షి పిల్లలని అర్థమట. సరే, నేను అక్కడే బిల్లింగ్స్ అనే ఊరికి లోడ్ తీసుకెళ్తున్నాను. ఇంక గంట దూరం ఉందనగా, క్రో ఏజెన్సీ అనే ఊరి దగ్గర బ్యాటరీ చచ్చింది. హీటర్ లేదు, లైటు లేదు, ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన పురుగు కూడా లేదు. మా కంపెనీ డిస్పాచ్‌కి ఫోన్ చేస్తే, మెకానిక్ రెండ్రోజుల దాకా రాడు, అక్కడ జాతర జరుగుతోంది అన్నారు. ఏ జాతరా అని హైవే దిగి చూశాను కదా, నది ఒడ్డున ఎక్కడ చూసినా టీపీలే. టీపీ అంటే వాళ్ల గుడారం. పొడుగాటి పైన్ గెడలు నిలబెట్టి, పైన ఒకచోట కట్టి, చుట్టూ కాన్వాసు చుడతారు. దేశంలో ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లంతా ఆ వారానికి వచ్చేస్తారు. లాయర్లూ, టీచర్లూ, నర్సులూ అందరూ వచ్చి టీపీ కట్టుకుని కూచుంటారు.”

టీలు వచ్చాయి. అంకుల్ ఒక గుక్క తాగి, ఎవరూ గది మాట ఎత్తకముందే అందుకున్నారు.

“అక్కడ ఒక ముసలావిడ పికప్ ట్రక్కులోంచి గెడలు దించుతోంది. మేబెల్ అని ఆవిడ పేరు. నేను మామ్మా అని పిలిచాను. నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఒక్క మాటా అడక్కుండా గెడ తీసి నా చేతిలో పెట్టి, పట్టుకో అంది. పట్టుకున్నాను. అక్కడ పూర్వం నుంచీ గుడారం కట్టేది ఆడవాళ్లే, విప్పేదీ వాళ్లే, అసలా గుడారమే వాళ్లది. వంశం కూడా తల్లి వైపు నుంచే. మనకి ఇంటిపేరు నాన్నది కదా, వాళ్లకి అమ్మది.”

“ఇక్కడా అంతే. పేరొక్కటే మీది,” అంది రూపవతి ఆంటీ, పకోడీల పళ్లెం బల్ల మీద పెడుతూ.

“ఇంకో మంచి ఆచారం ఉంది. పూర్వం వాళ్లలో అల్లుడు అత్తగారితో మాట్లాడేవాడు కాదట. ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడట. గౌరవం.”

“మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా బండి మీదున్నానని చెప్పమంటారు, అది గౌరవమని నాకు తెలీలేదు,” అంది ఆంటీ.

అందరం నవ్వాం. అంకుల్ కూడా నవ్వారు, నవ్వుతూనే కథ వదల్లేదు.

“గెడలు కట్టాక పైన ముడి చూశాను. వాళ్ల ముడి మంచిదే, వంక పెట్టడానికి లేదు. కానీ పడమట మబ్బు చూస్తే నాకు అనుమానం వేసింది. అందుకని దాని మీద నా ముడి ఇంకోటి వేశాను. తణుకులో లారీ మీద పంచదార బస్తాలు కట్టే ముడి. మా నాన్న నేర్పాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“అంకుల్, ఇషిత రూం గురించి...” అంది నిఖిల.

“అక్కడికే వస్తున్నానమ్మా. గాలొచ్చింది.” అంకుల్ రెండు చేతులూ చాచారు. “తుఫాను గాలి పుట్టినప్పటినుంచీ చూసినవాణ్ణి, నేనే చెట్టు కోసం వెతుక్కున్నాను. అక్కడ చెట్టు కూడా గాలికి ఒంగి నాకేసే చూస్తోంది. పికప్ ట్రక్కులు వాటంతటవే జరుగుతున్నాయి. ఆవులు ముందుకి నడుద్దామని పక్కకి నడుస్తున్నాయి. వెయ్యి టీపీలు ఒక్కసారి ఉబ్బాయి. మేబెల్ మామ్మ టీపీ మాత్రం కదల్లేదు. జనం చూశారు. ఆ ముడి ఎవరిదని అడిగారు. ఇంకేముంది, ఒక్కొక్కరూ వాళ్ల తాడు తెచ్చి నా చేతిలో పెట్టడమే. కుడిచేతిలో కొన్ని, ఎడమచేతిలో కొన్ని, ముసలివాళ్లవి పళ్లతో పట్టుకున్నాను.”

“వెయ్యి టీపీలూ మీరే ఆపినారా?” అన్నాడు గోపీకృష్ణ.

“ఆపడం ఎక్కడిదిరా, అబద్ధమెందుకు చెప్పాలి. గాలికి లేచిపోయాను. నాతోపాటు కాంపు మొత్తం లేచింది. లోపల పిల్లలు పడుకున్నవాళ్లు పడుకున్నట్టే ఉన్నారు, పొయ్యి మీద కాఫీ ఒలకలేదు. నది దాటి అవతలి కొండ దాకా వెళ్లాం. గాలి తగ్గాక మెల్లిగా తెచ్చి ఎవరి జాగాలో వాళ్లని దించాను. ఒక్క టీపీ మాత్రం కొంచెం పక్కకి దిగింది. అది నా తప్పు కాదు, వాళ్ల తాడు పొట్టిది.”

గ్యారేజీ లోపలి మెట్టు మీద కూర్చున్న జెస్లిన్ ఫోన్‌లోంచి తలెత్తింది. అంకుల్ కూతురు, హైస్కూల్లో చదువుతోంది. “డాడ్, దట్స్ నాట్ హౌ ఫిజిక్స్ వర్క్స్.”

“నీ ఫిజిక్స్ కెనడాది. అక్కడ అమెరికా,” అన్నారు అంకుల్.

నేను గడియారం చూశాను. నాలుగు దాటింది. ఇషిత రెండు చేతులతో కప్పు పట్టుకుని అంకుల్ మొహంలోకే చూస్తోంది. వచ్చినప్పటినుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. భయంతో బిగుసుకుపోయిందనుకున్నాను. ఆ పిల్ల నిజంగానే, ఒక్కో మాటా పట్టుకుని వింటోందని నాకు తట్టలేదు.

“మర్నాడు పొద్దున్నే ఒకాయన గుర్రమెక్కి దండోరా వేసుకుంటూ కాంపంతా తిరిగాడు, లేవండి, గుర్రాలకి నీళ్లు పెట్టండి అని. రోజూ అలాగే లేపుతారు. ఆ రోజు ఊరేగింపు. గుర్రాల మెడలకీ నుదుళ్లకీ పూసల పట్టీలు, ఆడపిల్లల గౌన్ల నిండా ఎల్క్ పళ్లు, వరసలు వరసలు కుట్టి. ఎల్క్ అంటే పెద్ద దుప్పి. అన్ని పళ్లు పోగెయ్యడానికి తరాలు పడతాయట. నేను చూస్తూ నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన చెప్పాడు, అయ్యా, మాలో పూర్వం నాయకుడు కావాలంటే నాలుగు పనులు చెయ్యాలి అని. శత్రువుని చంపితే గొప్ప కాదట. బతికున్నవాణ్ణి దగ్గరికెళ్లి కర్రతో తాకి, మళ్లీ వెనక్కి రావాలి. అదొకటి. వాడి చేతిలో ఆయుధం లాక్కోవాలి. వాడి గుడారం ముందు కట్టేసిన గుర్రాన్ని విప్పుకు రావాలి. మనవాళ్లని దండుగా తీసుకెళ్లి ఒక్కడికీ దెబ్బ తగలకుండా ఇంటికి తేవాలి. నాలుగూ చేస్తేనే నాయకుడు.”

“మీరెన్ని చేసినారంకుల్?” అన్నాడు గోపీకృష్ణ.

“నేను చెప్పుకుంటే బావుండదు. నువ్వే లెక్కపెట్టు. ఊరేగింపు మొదలవుతోంది, కొండ మీంచి అడవిదున్న దిగింది. ఇది మాత్రం కోతనుకోకండి, ఆ కొండల్లో వాళ్లకి మందే ఉంది. అది లారీ అంత ఉంది. గుర్రాలు బెదిరాయి. అందరూ నాకేసి చూశారు. నా చేతిలో కర్ర లేదు. అంతకుముందే బండి వైపర్ ఊడితే నడుముకి దోపుకున్నాను, అది తీశాను. నడుచుకుంటూ వెళ్లి దాని ముక్కు మీద వైపర్‌తో తాకాను. అది ఆగింది. నన్ను చూసింది. దానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. అదే వైపర్‌తో తుడిచాను. వెనక్కి తిరిగి కొండెక్కిపోయింది.”

“ఒకటి,” అన్నాడు గోపీకృష్ణ.

“ఆ గొడవలో మామ్మ మనవడి గుర్రం తాడు తెంపుకుని పారిపోయింది. వెస్లీ అని ఏడేళ్లవాడు, మొదటిసారి ఊరేగింపులో వెళ్లాలని ముస్తాబై ఉన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను. పక్కనున్న గుర్రం ఎక్కేశాను. జీను లేదు. నాకు గుర్రపు స్వారీ రాదు, కానీ ఆ సంగతి గుర్రానికి తెలీదు కదా. అది పరిగెత్తింది చూడు, మా నీడ వెనకబడిపోయింది. వయోమింగ్ బోర్డర్ దగ్గర నీడ కోసం ఆగాల్సొచ్చింది. అక్కడ ఒక గేటుకి వెస్లీ గుర్రాన్ని ఎవరో కట్టేశారు. విప్పాను. అది బయల్దేరింది. దాన్ని చూసి చుట్టుపక్కల గుర్రాలన్నీ వెనక పడ్డాయి. నేను రమ్మనలేదు, ఆ మాట నేను పోలీసులకి కూడా చెప్పాను. కాంపుకి వచ్చేసరికి నా వెనక ఒక మైలు పొడుగు గుర్రాలు. అప్పటికింకా వాళ్లు టిఫిన్లు కూడా తినలేదు.”

“రెండు.”

“అంకుల్, ఆరింటికి ఆ ఓనర్ వచ్చి చూస్తాడు,” అంది నిఖిల. గొంతులో కోపం దాచుకోలేదు. “ఇషిత ఇవాళ ఎక్కడ పడుకోవాలో చెప్పండి. తర్వాత ఎన్ని గుర్రాలైనా తోలుకోండి.”

అంకుల్ చెయ్యి గాల్లోనే ఆగింది. ఒక్క క్షణం ఇషితకేసి చూశారు. ఇప్పుడు లేదని చెప్పేస్తారేమో అనుకున్నాను. చెప్పలేదు. టీ కప్పు ఖాళీ అయిందని తెలిసినా మళ్లీ ఎత్తి తాగారు.

“ఆయుధం సంగతి మిగిలిపోయింది,” అన్నారు, కాస్త తొందరగా. “అక్కడ నాకు శత్రువు ఎవడు? ఎవరింటి ముందు నిలబడినా రొట్టె చేతిలో పెట్టేవాళ్లే. ఎవరి ఆయుధం లాక్కోను? అలా ఆలోచిస్తూ పైకి చూశాను. ఉరిమింది. మెరిసింది. మెరుపు కూడా ఆయుధమే కదా అనుకున్నాను. వెంటనే బండి దగ్గరికి పోయి జంపర్ కేబుల్స్, అదే, చచ్చిన బ్యాటరీకి కరెంటెక్కించే వైర్లు తీశాను. టీపీల గెడలన్నిటికన్నా పొడుగు గెడ చూసుకుని ఎక్కాను. ఎర్ర క్లిప్పు తెరిచి పట్టుకుని కూచున్నాను. మెరుపు ఇలా వచ్చింది, కొస దొరకబుచ్చుకున్నాను. అది ఒకటే గింజుకుంటుంది. నేనూ తణుకువాణ్ణే. రెండు పీకులు పీకాను, మబ్బులోంచి ఊడి చేతికొచ్చింది. కిందికి దిగి బ్యాటరీకి తగిలించాను. బండి స్టార్టైంది. ఇవాళ్టిదాకా ఆ బ్యాటరీ మార్చలేదు. కాకపోతే లైట్లు వేసినప్పుడు కొంచెం ఉరుముతుంది.”

గోపీకృష్ణ మూడు అనడం కూడా మర్చిపోయాడు. జెస్లిన్ మాత్రం, “ఓ మై గాడ్,” అని మొహం చేతుల్లో దాచుకుంది.

“ఇంక నాలుగోది చెప్పక్కర్లేదు. బండి స్టార్టైందని చూడగానే, ఊరేగింపుకి నువ్వే ముందుండాలన్నారు. నా ట్రక్కు బానెట్‌కి పూసల పట్టీ కట్టారు. నేను ముందు, నా వెనక గుర్రాలు, గుర్రాల వెనక కాంపు మొత్తం. నది చుట్టూ తిప్పి, ఒక్కడి కాలికి ముల్లు గుచ్చుకోకుండా వెనక్కి తెచ్చాను. అదే ఊపులో ఎటోబికో దాకా తీసుకొచ్చేద్దును, గుర్రాలకి స్టడీ పర్మిట్లు లేవని ఆగాను.”

“నాలుగు. అంకుల్ నాయకుడు,” అన్నాడు గోపీకృష్ణ.

“మరి నాయకుడయ్యాక ఊరుకుంటారా? సన్మానం చేశారు.” అంకుల్ కుర్చీ ముందుకి జరుపుకున్నారు. “ఆ సాయంత్రం పెద్ద పందిరి కింద డాన్సులు. డప్పు చుట్టూ కూచుని మగవాళ్లు పాడుతున్నారు, ఆ శబ్దం ఇక్కడ ఎముకల్లో తగులుతుంది. వెస్లీ మొదటిసారి ఆడటానికి దిగాడు. బుడ్డాడు, తల మీద ఈకలు, కాళ్లకి గజ్జెలు, కళ్లు నేల మీదే. వాడు ఒక చుట్టు ఆడగానే మేబెల్ మామ్మా, ఆవిడ కూతుళ్లూ మధ్యలో దుప్పట్లు తెచ్చి గుట్ట పోశారు. దుప్పట్లు, దిండ్లు, పూసల దండలు, ఏడాదంతా కూడబెట్టినవట. ఒకాయన మైకు పట్టుకుని పిలుస్తున్నాడు. ముందు పిల్లాడి తండ్రి వైపు చుట్టాలు. వాళ్లొచ్చి పిల్లాడి చెయ్యి పట్టుకుని, దీవించి, ఇచ్చింది తీసుకెళ్తున్నారు. తర్వాత ముసలివాళ్లు. తర్వాత దూరాభారం నుంచి వచ్చినవాళ్లు. చిట్టచివర నా పేరు పిలిచారు. చివర ఎందుకో తెలుసా? ముఖ్య అతిథిని ఎప్పుడూ చివరే కదా పిలిచేది. వెళ్లాను. మేబెల్ మామ్మ స్వయంగా నాకు శాలువా కప్పింది. పందిరంతా లేచి నిలబడింది. జెస్లిన్, ఆ శాలువా పట్రామ్మా, చూపిద్దాం.”

“ఇట్స్ ఎ బ్లాంకెట్, డాడ్,” అంటూనే జెస్లిన్ లోపలికెళ్లి తెచ్చింది. మందపాటి దుప్పటి. ఎరుపూ నీలమూ పసుపూ కలిసిన గీతలు, అంచులు కొత్తగా ఉన్నాయి. అంకుల్ లేచి దాన్ని భుజాల మీద కప్పుకుని, మన సభల్లో ఫోటోకి నిలబడినట్టు నిలబడ్డారు. ఆయన మొహంలో ఎంత సంతోషముందంటే, అబద్ధమని తెలిసి కూడా నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. గోపీకృష్ణ కొట్టాడు కూడా.

“అంకుల్, ఒకటి అడగొచ్చా?”

ఇషిత గొంతు. అందరం అటు తిరిగాం.

“అడుగమ్మా.”

“ఆ బాబుకేం ఇచ్చిండ్రు?”

“ఎవరికి, వెస్లీకా? వాడికేమిస్తారమ్మా. పండగ వాడిది కదా. వాడి ఇంటివాళ్లే కదా అందరికీ ఇచ్చింది.”

“అంటే మన దగ్గర లెక్క కాదు. మన దగ్గర గొప్ప పని చేసినోళ్లకి శాలువా కప్పుతం. వాళ్ల దగ్గర గొప్ప పని చేసినోళ్ల ఇంట్లోనే పంచుతరు. తీసుకునేది చుట్టాలు, ముసలోళ్లు, దూరంకెళ్లి వచ్చినోళ్లు.” ఇషిత కప్పు కింద పెట్టింది. “మరి మీకు ఇచ్చింది...”

రూపవతి ఆంటీ పకోడీ సగం కొరికి ఆగిపోయింది.

“బండిలో హీటర్ లేదన్నరు కదంకుల్. ఆడ ఎవ్వరూ తెల్వదన్నరు. మీకు పడుకోనికి జాగ లేదని ఇచ్చిండ్రేమో.”

ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే అంకుల్ తేలిగ్గా తప్పించుకునేవారు. ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

“అదేం లేదు,” అన్నారు అంకుల్. దుప్పటి ఒక భుజం మీంచి జారింది, సర్దుకున్నారు. “మరి అడవిదున్నో? మెరుపో? నాలుగు పనులు చేశాను కదా. అందుకే ఇచ్చారు.”

“నాలుగు చేసుంటే ఇంక మీరే పంచాలె కదా అంకుల్,” అంది ఇషిత. “మీరింకా ఎవరికీ ఏమీ ఇయ్యలే.”

ముందు నవ్వింది రూపవతి ఆంటీ. కొంగు నోటికడ్డం పెట్టుకుని, కుర్చీలో ముందుకి వంగిపోయి నవ్వింది. తర్వాత జెస్లిన్, తర్వాత మేమంతా. నిఖిల కళ్లు తుడుచుకుంది. ఇషిత మాత్రం నవ్వలేదు, తప్పుగా మాట్లాడానేమోనని మా మొహాలు చూస్తోంది. అంకుల్‌కి ఈసారి తప్పించుకునే దారి లేదు. చేశానంటే ఇవ్వాలి. చెయ్యలేదంటే, చోటు లేని మనిషికి ఎవరో చోటిచ్చారని ఒప్పుకోవాలి. ఎటు పోయినా ఎదురుగా ఇషితే కూచుని ఉంది.

ఆయన మెల్లిగా కూర్చున్నారు. దుప్పటి తీసి ఒళ్లో పెట్టుకుని, మడత పెట్టడం మొదలుపెట్టారు.

“పేరు పిలవలేదమ్మా,” అన్నారు, మడతల మీంచి చూపు తియ్యకుండా. “నా పేరు వాళ్లకి తెలీదు. ట్రక్కాయనా, రా, అన్నాడు మైకులో. ఎవరో అనుకుని వెనక్కి చూశాను. మామ్మే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. రెండు రాత్రులూ వాళ్ల టీపీలోనే పడుకున్నాను, వెస్లీ పక్కన. నువ్వెవరివి, ఎక్కడివాడివి, ఎప్పుడు పోతావు అని ఒక్కళ్లు అడగలేదు. గెడ పట్టుకున్నాను, అంతే. అది మాత్రం నిజం.”

“ముడి?” అన్నాడు గోపీకృష్ణ, పాపం ఆశగా.

“ముడి వేశాను. మామ్మ విప్పి మళ్లీ వాళ్లదే వేసింది.”

మళ్లీ నవ్వులు. ఈసారి ఇషిత కూడా నవ్వింది. వచ్చి ఇన్ని రోజులైనా ఆ పిల్ల నవ్వు నేను చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది, సిగ్గేసింది కూడా.

అంకుల్ లేచి నిలబడ్డారు. “రూపా, ఆఫీసులో టైర్లు ఎక్కడ పెట్టమంటావ్?”

“ఈ గ్యారేజీలోనే పెట్టండి. కుర్చీలు నాలుగు తగ్గితే కథలు కూడా తగ్గుతాయి.”

“టార్పాలిన్లో?”

“మెరుపుని మోసినవాళ్లు, టార్పాలిన్లు మొయ్యలేరా?” అంది ఆంటీ. అప్పటికే చీపురు పట్టుకుని కిందికి దిగుతోంది.

మేమంతా లేచాం. గోపీకృష్ణ సూట్‌కేసులు తెచ్చాడు. నేనూ అంకులూ టైర్లు పైకి మోశాం. ప్రతి మెట్టు దగ్గరా ఆయన ఆగి ఆయాసపడ్డారు. రెండో ట్రిప్పులో, ఈ టైరు వేసుకుని నేను మంచు తుఫానులో విన్నిపెగ్‌లో ఏం చేశానో తెలుసా అని మొదలుపెట్టబోయి, నా వెనక ఇషిత తాళ్ల కట్ట పట్టుకుని వస్తోందని చూసి మానేశారు. నిఖిల నేల తుడిచింది. జెస్లిన్ తన గదిలోంచి ఒక టేబుల్ ల్యాంపు తెచ్చి మూల పెట్టి వెళ్లిపోయింది. ఐదున్నరకల్లా అది గదిలా కనబడింది. పరుపు ఒకటి ఆంటీ పై నుంచి దింపించింది. దాని మీద ఆ ఎర్ర నీలం దుప్పటి పరిచింది ఎవరో నేను చూడలేదు.

ఇషిత గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి అడుగుపెట్టడానికి ఎవరైనా చెప్పాలన్నట్టు చూస్తోంది.

“వాళ్ల టీపీలకి తలుపు తూర్పుకే పెడతారమ్మా,” అన్నారు అంకుల్, కిటికీ తెరుస్తూ. “పొద్దున్నే ఎండ మొహం మీద పడుతుంది. ఇది ఉత్తరపు కిటికీ. దీంట్లోంచి ఎండ రాదు, నా వల్ల కాదు. ఎండ కావాలంటే పొద్దున్నే పైకి రావాలి. వచ్చి మాతో టీ తాగు.”

“టీ ఎవరు పెడతారు?” అంది ఆంటీ మెట్ల మీంచి.

అంకుల్ ఒక్క క్షణం ఆలోచించారు.

“నేనే పెడతాలే,” అన్నారు.

ఇషిత చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.